బిర్యానీ గురించి కాదు, బైంగన్ గురించి అడగండి

మమ్మల్ని చూడగానే మీకు బిర్యానీ గుర్తొస్తుంది. శత్రువుకీ అదే, మిత్రుడికీ అదే. "మీకేటి బాబూ, రోజూ మటనే కదా" అంటాడొకడు వెటకారంగా. "పండక్కి బిర్యానీకి పిలవలేదేటి సాయిబూ" అంటాడు ఇంకొకడు ప్రేమగా. మంగళవారం నాడు మా ఇంట్లో పొయ్యి మీద ఏముందో మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగరు.

మంగళవారం నాడు మా ఇంట్లో పొయ్యి మీద వంకాయ ఉంటుంది.

మేం విజయనగరం ముసల్మానులం. 2011 జనాభా లెక్కల్లో ఈ జిల్లాలో మేం నూటికి ఒక్కరం కూడా లేం. ఇంత కొద్దిమందిమి ఉన్నచోట మా గురించి అందరికీ అన్నీ తెలుసు! మేం ఏం తింటామో, ఎలా బతుకుతామో, ఎవరికి జై కొడతామో మమ్మల్ని అడక్కుండానే చెప్పేయగలరు. ఆ తెలిసినదంతా సినిమాల్లోంచి, పత్రికల్లోంచి, హైదరాబాద్ హోటళ్ల బోర్డుల్లోంచి వచ్చింది. మా వంటగది గుమ్మం దాకా వచ్చి తెలుసుకున్నది కాదు. అందుకని ఈసారి మేమే చెప్తాం.

మా చిన్నప్పుడు ఇంట్లో మాంసం వారానికొకసారి. అదీ అబ్బా చేతికి డబ్బులందిన వారం. పావుకిలో మాంసంలో కిలో దుంపలేసి ఇంటిల్లిపాదీ తినేవాళ్లం. మిగతా రోజుల్లో ఖట్టీ దాల్, అంటే చింతపండేసిన పుల్లపప్పు. పక్కన నంజుకోవడానికి ఏదో ఒక వేపుడు. చవకగా వచ్చేది వంకాయ. చుట్టుపక్కల పల్లెల రైతులు తట్టల్లో తెచ్చి గంటస్తంభం వైపు అమ్మేవారు. సాయంత్రం చీకటి పడే వేళకి మిగిలినవి ఇంకా చవగ్గా ఇచ్చేసేవారు. మా అమ్మీలు ఆ వేళకే బజారుకి వెళ్లేవారు.

ఆ వంకాయని కరకరలాడేలా వేపడం మా అమ్మీల విద్య. వంటల పుస్తకం రాయాలని కాదు, ఆ వంటలో మా బతుకు మొత్తం ఉంది కాబట్టి వివరంగా చెప్తాం.

గింజ ముదరని కాయలు తీసుకోవాలి. కత్తిపీట మీద చిటికెన వేలు మందాన చక్రాలు కోయాలి. కోసిన వెంటనే ఉప్పునీళ్లలో వెయ్యకపోతే నల్లబడిపోతాయి. తర్వాత నీళ్లోడ్చి, మళ్లీ కాస్త ఉప్పు రాసి, అరగంట చిల్లుల గిన్నెలో పెట్టాలి. వంకాయ లోపలంతా గాలి గదులే. అలాగే నూనెలో వేస్తే ఉన్న నూనెంతా తాగేసి మెత్తబడి కూర్చుంటుంది. ఉప్పు దానిలోని నీటిని బయటికి లాగుతుంది. గదులు కుంగి ముక్క గట్టిపడుతుంది. అప్పుడు నూనె తక్కువ పడుతుంది. నూనె మాకు అప్పుడు రేషన్ షాపు పామాయిలే. నువ్వుల నూనె పండగలకి. కాబట్టి ఉప్పు రాసి అరగంట ఆగడం రుచి కోసమే కాదు, నెలాఖరు దాకా డబ్బాలో నూనె మిగలడం కోసం కూడా.

ఆ అరగంటలో రోట్లో ముద్ద నూరేవారు. వేయించిన ధనియాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, పసుపు, అల్లం, వెల్లుల్లి, చిక్కటి చింతపండు గుజ్జు. చింతపండూ పసుపూ పార్వతీపురం వైపు కొండల మీది గిరిజనులు సంతకి తెచ్చినవి. ఆ ముద్దని చక్రాలకి రెండు వైపులా పట్టించి, బియ్యప్పిండిలో దొర్లించాలి. మా నానీ ఆ పిండిలో పిడికెడు చోడిపిండి కూడా కలిపేది. కాలిన పెనం మీద గరిటెడు నూనె తిప్పి, చక్రాలు విడివిడిగా పేర్చి, మంట తగ్గించి, ఒకవైపు ఎర్రగా కాలే దాకా కదపకూడదు. తొందరపడి తిప్పితే పిండి పెనానికి అంటుకుపోతుంది. బాగా కాలితే పైన పెళపెళలాడుతుంది, లోపల వెన్నలా ఉంటుంది. మనిషికి నాలుగు ముక్కలు. అయిదోది అబ్బాకి. అమ్మీకి గిన్నెలో అడుగున మిగిలిన పొడి.

ఇది ముస్లిం వంటా, తెలుగు వంటా? కొండ చింతపండు, రైతు వంకాయ, చోడిపిండి, అల్లంవెల్లుల్లి ముద్ద. మీరే చెప్పండి. ఇంట్లో "ఆజ్ క్యా పకాయే?" అంటే "బైంగన్ తలే" అని జవాబు. గుమ్మం దిగితే అదే వంకాయ ఏపుడు. పక్కింటి అమ్మమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఏటి బూబమ్మా, వంకాయలేపుతన్నావేటి? వాసన ఈదంతా కాస్తంది" అనేది. ఓ పళ్లెంలో నాలుగు ముక్కలు గోడ దాటేవి. మర్నాడు ఆ పళ్లెం ఉత్తిగా తిరిగొచ్చేది కాదు. ఆవపెట్టిన పనసపొట్టో, బెల్లం ముక్కో దాంట్లో ఉండేది. బాబామెట్ట దర్గా ఉరుసుకి వాళ్లొచ్చేవారు, పైడితల్లి సిరిమాను తిరిగే రోజున మేం వీధిలో నిలబడేవాళ్లం. దీన్ని మతసామరస్యం అంటారని మాకు అప్పుడు తెలీదు. ఇరుగుపొరుగు అనుకునేవాళ్లం.

ఆ తర్వాత 1992 డిసెంబర్ 6 వచ్చింది. అయోధ్య మా ఊరికి వందల మైళ్ల దూరం. మా వీధిలో ఒక్క రాయి కూడా పడలేదు. కానీ మా టిఫిన్ డబ్బాలోకి అయోధ్య వచ్చింది. బడిలో మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే అదే వంకాయ వేపుడు. ఎర్రగా కాలిన చక్రాలు, అల్లంవెల్లుల్లి వాసన. అంతకు ముందు చెయ్యి పెట్టి లాక్కున్నవాళ్లే ఆ చలికాలం, "అందులో మాంసముందేటి?" అని అడగడం మొదలెట్టారు. వంకాయ అంటే నమ్మలేదు. ముక్క విరిచి గింజలు చూపించాల్సొచ్చింది. పన్నెండేళ్ల పిల్లలు తమ కూరలో గింజలు చూపించి తాము ఎవరో రుజువు చేసుకోవాల్సి రావడాన్ని ఏమంటారో లౌకికవాద పండితులు చెప్పాలి. ఆ విషయం ఇంట్లో తెలిశాక మా అమ్మీలు మమ్మల్ని ఏమీ అనలేదు. మర్నాటి నుంచి డబ్బాలోకి పెట్టే వంకాయలో అల్లంవెల్లుల్లి మానేశారు. ఇంట్లో తినేది ఒకటి, బడికి తీసుకెళ్లేది ఇంకొకటి.

అల్లర్లు లెక్కపెట్టేవాళ్లు చచ్చిపోయినవాళ్లని లెక్కపెడతారు, కాలిన ఇళ్లని లెక్కపెడతారు. భయంతో మానేసిన అల్లంవెల్లుల్లిని ఎవరు లెక్కపెడతారు?

మేం పరాయివాళ్లమని అంటారు కాబట్టి ఈ కాయ పుట్టుపూర్వోత్తరాలు కూడా చూద్దాం. వంకాయ ఈ నేల పంట. సంస్కృతంలో దీనికున్న వాతింగణ అన్న పేరే పారశీకానికి వెళ్లి బాదింగాన్ అయిందని భాషావేత్తలు చెప్తారు. అరబ్బులు దాన్ని బాదింజాన్ అన్నారు. అల్ చేర్చుకుని అది స్పెయిన్ దాకా పోయి, కటలాన్ భాష మీదుగా ఫ్రెంచివాళ్ల నోట్లో ఓబర్జీన్ అయింది. పోర్చుగీసువాళ్లు బెరింజేలా అన్నారు. ఆ పోర్చుగీసు మాటే ఓడెక్కి మళ్లీ ఇక్కడికే వచ్చి మన ఇంగ్లీషు పుస్తకాల్లో బ్రింజాల్ అయి కూర్చుంది. మా ఇళ్లల్లోని బైంగన్ ఈ కుటుంబంలోదే. ఎన్ని దేశాలు తిరిగి ఎన్ని పేర్లు మార్చుకున్నా దాన్ని ఎవరూ పౌరసత్వం అడగలేదు. దాని మీద చల్లే మిరపకాయ మాత్రం నిజంగానే పరాయిది. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ద్వారా పదహారో శతాబ్దంలో ఈ దేశంలో అడుగుపెట్టింది. అదిప్పుడు ఆంధ్రుల ఆత్మగౌరవం! గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ శ్రీకాకుళంలో జామియా మసీదు కట్టించింది 1640 దశకంలో. అప్పటికే ఈ తీరంలో మావాళ్లున్నారు. మిరపకాయకి దొరికిన ఇక్కడితనం మాకెందుకు దొరకదు?

గొప్పలు చెప్పుకోవాలంటే మాకూ ఉన్నాయి. బాగ్దాద్ ఖలీఫా అల్‌మామూన్ 825లో బూరాన్‌ని పెళ్లాడాడు. వేపిన వంకాయ వంటకి ఆమె పేరు పెట్టి పదో శతాబ్దపు అరబ్బీ వంటల పుస్తకంలో రాసుకున్నారు. అబుల్ ఫజల్ ఆయినె అక్బరీలో మాంసం లేని వంటలకి సూఫియానా అని పేరు పెట్టి ఓ జాబితా ఇచ్చాడు. అందులో బాదింజాన్ ఉంది. ఇవన్నీ తెలుసుకోవడం మంచిదే. కానీ మాకు ఖలీఫాల వంశవృక్షం అక్కర్లేదు. మా వంకాయ రాజుల వంటింట్లోంచి రాలేదు. రేషన్ కార్డు ఉన్న ఇంట్లోంచి వచ్చింది. ఆ ఇల్లు చాలు మాకు.

ఇక్కడే ఓ ప్రమాదం ఉంది. "చూశారా, వీళ్లు కూడా కూరగాయలే తింటారు, మనలాంటివాళ్లే" అని మా తరఫున వకాల్తా పుచ్చుకునే పెద్దమనుషులు తయారవుతారు. వద్దు మహాశయులారా. వంకాయ తింటాం కాబట్టి మేం మంచివాళ్లం అని చెప్పుకోడానికి ఇది రాయడం లేదు. మాంసం తినే హక్కుని వంకాయ చాటున దాచుకోం. మంగళవారం వంకాయ తిన్న చేత్తోనే శుక్రవారం మాంసం తింటాం. రెండూ మావే. మా మంచితనం మా కూరలో లేదు, మీ మంచితనం మీ కూరలో లేనట్టే.

అసలు మాంసం తినడం ముస్లిం గుర్తు ఎప్పుడయింది? 2014లో కేంద్ర ప్రభుత్వం చేసిన ఎస్‌ఆర్‌ఎస్ బేస్‌లైన్ సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మంది మాంసాహారులే అని తేలింది. ఊరంతా చేపలు, రొయ్యలు, కోడి తింటూ, ఇల్లు అద్దెకడిగితే మాత్రం "నాన్‌వెజ్ వాళ్లకి ఇవ్వం" అంటారు. ఇంటి ముందు ఎండుచేపలు ఆరబెట్టుకున్న ఇంటాయన మాతో ఆ మాటన్నాడు. "మేం వంకాయలే వొండుకుంటాం బాబూ" అంటే మొహం తిప్పుకున్నాడు. ఆయన భయం మా కూర గురించి కాదు, మా పేరు గురించి. నాన్‌వెజ్ అన్నది మర్యాదస్తులు వాడే ముసుగు మాట.

ఆ ముసుగు కూడా తీసేసిన రోజులొచ్చాయి. 2015 సెప్టెంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ దగ్గర ఫ్రిజ్‌లో ఏ మాంసం ఉందోనన్న పుకారు మీద ఓ మనిషిని ఇంట్లోంచి లాగి చంపేశారు. సరే, మాంసం వల్ల వచ్చిన గొడవ అనుకుందామా? 2020 ఏప్రిల్‌లో కరోనా లాక్‌డౌన్ వేళ ముస్లింల కూరగాయల బండ్ల దగ్గర కొనొద్దని దేశంలో చాలాచోట్ల ప్రచారం చేశారు. ఆ బండ్ల మీద ఉన్నది మాంసం కాదు. వంకాయలు, బెండకాయలు, టమాటాలు. అమ్మేవాడి పేరుని బట్టి వంకాయకి కూడా మతం అంటగట్టారు. 2024 జులైలో కావడి యాత్ర దారిలోని తిండి దుకాణాల మీద యజమానుల పేర్లు రాయాలని ఉత్తరప్రదేశ్‌లోనూ ఉత్తరాఖండ్‌లోనూ ఆదేశాలిచ్చారు. ఏం తిండి అమ్ముతున్నారో రాస్తే చాలు, పేర్లు రాయమని బలవంతం చెయ్యొద్దని సుప్రీంకోర్టు అదే నెల 22న ఆపింది. కోర్టు ఆపింది సరే. పేరు చదివి పళ్లెం పక్కకి నెట్టే చూపుని ఏ కోర్టు ఆపుతుంది? మా టిఫిన్ డబ్బాలో గింజలు వెతికిన చూపు అదే. అప్పుడది బడిపిల్లల కళ్లల్లో ఉంది. ఇప్పుడు ప్రభుత్వ ఉత్తర్వుల్లోకి ఎక్కింది.

ఇక మా మిత్రుల సంగతి. అభ్యుదయవాదులు, లౌకికవాదులు, కలిసి జెండాలు మోసినవాళ్లు. మీతోనే ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే మీరు వింటారు. రంజాన్ నెల రాగానే పత్రికల్లో పనిచేసే మాకు ఓ పని తగులుతుంది. "మీరైతే బాగా రాస్తారు, హలీం మీద ఓ ఐటమ్ ఇవ్వండి" అంటారు. హైదరాబాద్ హలీంకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ విజయనగరంలో మా చిన్నతనమంతా మేం హలీం మొహమే చూడలేదు. మా ఇఫ్తార్‌లో గంజి, శనగలు, అరటిపండు ఉండేవి. ఆ ముక్క రాస్తే, "ఇందులో ముస్లిం ఫ్లేవర్ లేదు" అంటారు. మా ఇంట్లో మేం తిన్నదాంట్లో ముస్లిం ఫ్లేవర్ లేదట! మరి ఎవరిది మా ఫ్లేవర్? చార్మినార్ బొమ్మ, టోపీ పెట్టిన వంటమనిషి, పొగలు కక్కే డేగిశా. ఇదీ మీ లౌకికవాదం మాకిచ్చిన అడ్రసు. మీరు మమ్మల్ని ద్వేషించరు, నిజమే. కానీ పండగ రోజున మాత్రమే చూస్తారు. ఏడాదికి రెండుసార్లు బిర్యానీకొచ్చి ఫోటో దిగి, మిగతా రోజుల్లో మా వీధి మొహం చూడనివాళ్లు, మా మీద దెబ్బ పడినప్పుడు ఎక్కడ నిలబడాలో తెలీక తికమకపడుతున్నారు.

మనది గురజాడ ఊరు. సభ పెట్టినప్పుడల్లా ఆ మాట చెప్పుకుంటాం. ఆయన 1910లో 'ముత్యాల సరాలు'లో పట్టించుకున్న విషయం సరిగ్గా ఇదే. కులాల హద్దు దాటి ఒక పంక్తిలో కూర్చుని తినడం, తిన్నవాడికి ఇంట్లో ఎదురయ్యే గొడవ. తిండి దగ్గరే మనిషి మనిషిని దూరం పెడతాడని, కాబట్టి తిండి దగ్గరే ఆ దూరం పోవాలని ఆయన గ్రహించాడు. వందేళ్లు దాటిపోయాయి. గురజాడ ఇంటికి దండ వేసే చేతుల్లో ఎన్ని మా ఇంటి పళ్లెం అందుకున్నాయి? మా ఇంటికి రావడం గొప్ప కాదు. పండగ కాని రోజున, పిలవకుండా, పప్పూ వంకాయ వేపుడూ ఉన్న రోజున రండి. అప్పుడు మీకు మేం కనిపిస్తాం.

మావాళ్లకీ ఓ మాట చెప్పాలి. హైదరాబాద్ చుట్టాల ఇంటికి పెళ్లికెళ్తే మా ఉర్దూ విని నవ్వుతారు. "తుమారీ ఉర్దూ మే ఆధా తెలుగు హై" అంటారు. మా వంకాయ వేపుడు చూసి, "ఏ క్యా, గావ్ కా ఖానా" అంటారు. బగారా బైంగన్‌లో పల్లీలు, నువ్వులు, కొబ్బరి ఉంటాయి కాబట్టి అది దస్తర్‌ఖాన్ వంట. మాది పెనం మీది వేపుడు కాబట్టి పల్లెటూరి తిండి! నవాబీ పోయి చాలా కాలమైంది కానీ నవాబీ చూపు పోలేదు. ఆ చూపుతోనే దూదేకులవాళ్లని దూరం పెట్టారు, తెలుగు మాట్లాడే ముస్లింలని సగం ముస్లింలుగా చూశారు. 2006లో సచార్ కమిటీ చెప్పింది మా దరిద్రం గురించి. మా దస్తర్‌ఖాన్ వైభవం గురించి కాదు. ఆ నివేదికలో లెక్కలుగా ఉన్న మనుషులు ఈ వంకాయ తిన్నవాళ్లే.

ఇంకో మాట కూడా మింగలేం. అస్తిత్వం గురించి వేదికల మీద మాట్లాడేది ఎక్కువగా మగవాళ్లం. 1998లో 'జల్‌జలా' వచ్చినప్పటి నుంచి మా గొంతు మేం వినిపిస్తూనే ఉన్నాం. కానీ మా అస్తిత్వాన్ని రోజూ పొయ్యి ముందు కూర్చుని కాపాడినవాళ్లు మా అమ్మీలు, నానీలు, ఆపాలు. ఉప్పెంత, నూనెంత, ఎవరి పళ్లెంలో ఎన్ని ముక్కలు, బడి డబ్బాలో ఏ వాసన ఉండకూడదు అన్న లెక్కలన్నీ వాళ్లవే. వాళ్ల పళ్లెంలో చివరికి పొడి మిగిలిందన్న మాట దాచిపెట్టి మేం ఎంత అస్తిత్వం మాట్లాడినా అది సగమే. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతల్లో' నెల్లూరు ముస్లిం ఇల్లు తెలుగు పాఠకుడికి కనిపించింది. విజయనగరం, శ్రీకాకుళం ముస్లిం ఇళ్లు కూడా అలా కనిపించాలి. వాటిని రాయాల్సింది ఆ పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్లు.

మేం అడిగేది పెద్దదేం కాదు. మమ్మల్ని ఒక్క వంటతో కొలవొద్దు. బిర్యానీతో కొలిచి భయపడొద్దు, బిర్యానీతో కొలిచి ముద్దు చెయ్యొద్దు. వంకాయతో కొలిచి సర్టిఫికెట్ కూడా ఇవ్వొద్దు. ఈ మట్టిలో కాసిన కాయని ఈ కొండల చింతపండుతో మా భాషలో వండుకున్నాం. అది మీ వేపుడులా ఉందంటే మనం ఇన్నాళ్లూ ఒకే వీధిలో బతికాం కాబట్టి. మీ వేపుడులా లేదంటే మేం మేమే కాబట్టి. రెండిట్లో దేనికీ మేం సంజాయిషీ చెప్పం.

మా పిల్లలు ఇప్పుడు బళ్లకి డబ్బాలు తీసుకెళ్తున్నారు. వాటిలో వంకాయ వేపుడు ఉంది. అల్లంవెల్లుల్లి వేసే పెడుతున్నాం. మూత తీసినప్పుడు ఎవరైనా "ఏం కూర?" అని అడిగితే మావాళ్లు చెప్తారు. "మాంసమా?" అని అడిగితే మాత్రం గింజలు చూపించరు. ఆ ప్రశ్నకి జవాబు మీ పిల్లలకి మీరు చెప్పుకోవాలి.